పిల్లల పేరిట అంగీకారం – వలీ అధికారానికి హద్దులు

వైద్యంలో గానీ, విద్యావిషయాల్లో గానీ, సంఘశాస్త్రంలో గానీ పరిశోధన జరిపేవారు మనుషులను ఆశ్రయించక తప్పదు. ఆ మనుషులు పెద్దవారైతే ముందుగా విషయం వివరించి, వారు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే పరిశోధనలో చేర్చుకోవాలన్నది నేడు లోకమంతా అంగీకరించిన నియమం. పిల్లల విషయానికి వచ్చేసరికి చిక్కు ఏర్పడుతుంది. పసివాడు తనకు జరగబోయేదేమిటో పూర్తిగా గ్రహించలేడు. గ్రహించినా అతని సంతకానికి చట్టంలో విలువ లేదు. కనుక అతని పేరిట మరొకరు ఒప్పుకుంటున్నారు. ఆ మరొకరు ఎవరు? వారికి ఆ అధికారం ఎక్కడి నుంచి వచ్చింది? దానికి హద్దులున్నాయా? పిల్లవాడి నోటి మాటకు ఏమైనా స్థానముందా?

వైద్యశాస్త్రానికి ఈ ప్రశ్నలు కొత్తవి. ఫిఖ్హ్ పండితులకు మాత్రం కొత్తవి కావు. అనాథల ఆస్తి, మైనరు చేసే క్రయవిక్రయాలు, వలీ బాధ్యతలు అనే అధ్యాయాల్లో వారు వీటిని శతాబ్దాల క్రితమే చర్చించారు. ఆ చర్చను నేటి పరిశోధనా నీతితో కలిపి పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చికిత్స వేరు, పరిశోధన వేరు

జ్వరంతో ఉన్న బిడ్డను డాక్టరు దగ్గరకు తీసుకువెళతాం. ఆయన ఇచ్చే మందు ఆ బిడ్డ కోసమే. బిడ్డ ఏడ్చినా, చేదుగా ఉందని ఉమ్మినా, తల్లి బలవంతంగానైనా తాగిస్తుంది. అందులో తప్పులేదు, ఎందుకంటే మేలు జరిగేది ఆ బిడ్డకే.

పరిశోధన అలాంటిది కాదు. ఒక మందు పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి వందమంది పిల్లలను రెండు జట్లుగా, చీట్లు తీసినట్లు విడగొట్టి, ఒక జట్టుకు కొత్త మందు, రెండో జట్టుకు పాత మందు ఇస్తారు. కొన్ని సందర్భాల్లో రెండో జట్టుకు మందులా కనిపించే ఉత్త బిళ్ళ మాత్రమే దొరుకుతుంది. ఏ బిడ్డ ఏ జట్టులో పడేదీ డాక్టరు ఎంచుకోడు. ఇక్కడ అసలు లక్ష్యం జ్ఞానం. దాని ఫలం రేపటి పిల్లలకు దక్కుతుంది. ఈ బిడ్డకు దక్కవచ్చు, దక్కకపోనూ వచ్చు.

అంతమాత్రాన పిల్లలపై పరిశోధనే వద్దనడం సరికాదు. 1950వ దశకం చివర్లో పెద్దలకిచ్చే క్లోరాంఫెనికాల్ అనే మందును నవజాత శిశువులకు ఇవ్వగా, వారి లేత కాలేయం దానిని విరచలేక, ఒళ్ళు బూడిదరంగుకు తిరిగి ఎందరో శిశువులు చనిపోయారు. పసివాడి శరీరం పెద్దవాడి శరీరానికి చిన్న నకలు కాదని వైద్యలోకం ఇలా భారీ మూల్యం చెల్లించి నేర్చుకుంది. పిల్లలపై పరిశోధన లేకపోతే ప్రతి పిల్లవాడికీ ఇచ్చే మందు అంచనా మీద ఇచ్చేదే అవుతుంది. కాబట్టి పరిశోధన అవసరమే. అది ఎవరి అనుమతితో, ఏ షరతులపై జరగాలన్నదే ప్రశ్న.

మూడు ఉదంతాలు

అంగీకారం పేరుకు మాత్రమే మిగిలితే ఏమవుతుందో చూపడానికి మూడు ఉదంతాలు చాలు.

మొదటిది అమెరికాలోని న్యూయార్కు నగరానికి చెందిన విల్లోబ్రూక్ సంస్థ. అది బుద్ధిమాంద్యం గల పిల్లలను ఉంచే ప్రభుత్వ సంస్థ. 1956 నుండి 1970వ దశకం ఆరంభం వరకు అక్కడ కొందరు పిల్లలకు కావాలనే కామెర్ల వ్యాధి క్రిములను ఎక్కించి, వ్యాధి తీరును పరిశీలించారు. తల్లిదండ్రుల సంతకాలు తీసుకున్నారు. అయితే 1960వ దశకం మధ్యలో స్థలం చాలక సాధారణ ప్రవేశాలు ఆపివేసిన రోజుల్లో కూడా పరిశోధనా విభాగంలో మాత్రం చోటు దొరికేది. బిడ్డను ఇంట్లో సాకలేక, మరో దారి కానరాక సంతకం పెట్టిన తల్లి నిజంగా ఒప్పుకున్నట్లేనా?

రెండవది నైజీరియా ఉత్తరభాగంలోని కానో నగరం. అక్కడి జనాభాలో అత్యధికులు ముస్లిములు. 1996లో మెదడువాపు రకానికి చెందిన మెనింజైటిస్ వ్యాధి అక్కడ విపరీతంగా ప్రబలింది. ఆ సమయంలో ఫైజర్ కంపెనీ అంటువ్యాధుల ఆసుపత్రిలో రెండువందల మంది పిల్లలపై పరీక్ష జరిపింది. వందమందికి ట్రోవాన్ అనే కొత్త మందు, వందమందికి అప్పటికే వాడుకలో ఉన్న సెఫ్ట్రయాక్సోన్ ఇచ్చారు. మొదటి జట్టులో ఐదుగురు, రెండవ జట్టులో ఆరుగురు మరణించారు. మరణాలకు వ్యాధే కారణమనీ, తల్లిదండ్రుల నుండి మౌఖికంగా అంగీకారం తీసుకున్నామనీ కంపెనీ వాదించింది. తమ బిడ్డకు జరుగుతున్నది పరీక్ష అని తమకు ఎవరూ చెప్పలేదని కుటుంబాలవారు వాదించారు. అదే ఆసుపత్రి ఆవరణలో ఒక స్వచ్ఛంద వైద్యబృందం వాడుకలో ఉన్న మందుతో ఉచితంగా చికిత్స చేస్తోంది. కోరుకుంటే అక్కడికి వెళ్ళవచ్చునన్న సంగతి తమకు తెలియదని కూడా వారన్నారు. ఏళ్ళ తరబడి వ్యాజ్యాలు నడిచిన తరువాత 2009లో కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే కానో రాష్ట్రంతో ఏడున్నర కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది.

ఈ ఉదంతం అంతటితో ఆగలేదు. 2003లో కానో రాష్ట్రం పోలియో చుక్కల కార్యక్రమాన్ని నెలల తరబడి నిలిపివేసింది. దానికి కారణాలు పెక్కు. వాటిలో ట్రోవాన్ జ్ఞాపకం ఒకటని పరిశీలకులు చెప్పారు. ఆ విరామంలో పోలియో మళ్ళీ విజృంభించి ఇతర దేశాలకూ పాకింది. అడగకుండా చేసిన ఒక పని, మేలు చేసే మరొక పనిపై కూడా నమ్మకాన్ని చంపగలదని ఇది తెలుపుతుంది. నష్టపోయింది మళ్ళీ పిల్లలే.

మూడవది మన ఇంటిముంగిటి సంగతి. 2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుండి 14 ఏళ్ళ బాలికలకు గర్భాశయ ముఖద్వారపు కేన్సరును నివారించే హెచ్.పి.వి. టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఈ పథకం నడిపాయి. బాలికల్లో చాలామంది గిరిజన కుటుంబాలవారు; ఎందరో హాస్టళ్ళలో ఉండి చదువుకునేవారు. కొందరు బాలికలు మరణించిన వార్తలు వెలువడి, ఆందోళన రేగడంతో 2010 ఏప్రిల్‌లో పథకాన్ని నిలిపివేశారు. మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్లు కనబడలేదని ప్రభుత్వం వేసిన విచారణ సంఘం తేల్చింది. ఆ టీకా నేడు వందకు పైగా దేశాల్లో వాడుకలో ఉంది. కనుక టీకా మంచిచెడ్డలు ఇక్కడ మన చర్చకు సంబంధించినవి కావు.

మన చర్చకు సంబంధించింది అంగీకార పత్రాల సంగతి. పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం 2013 ఆగస్టులో సమర్పించిన 72వ నివేదికలో ఆ లెక్కలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 పత్రాలను చూడగా, 1,948 పత్రాలపై వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. అంటే నూటికి దాదాపు ఇరవైతొమ్మిది పత్రాల్లో తల్లి లేదు, తండ్రి లేడు. వారిద్దరూ ఏదో ఒక పల్లెలో బ్రతికే ఉండి ఉండవచ్చు. కానీ వారి బిడ్డ గురించి నిర్ణయం వేరొకరు చేసేశారు. నిర్వాహకులు దీనిని పరిశీలనాత్మక అధ్యయనమన్నారు. సంఘం మాత్రం ఇది మనుషులపై జరిపిన పరీక్షేనంది.

విల్లోబ్రూక్‌లో అంగీకారం ఒత్తిడితో వచ్చింది. కానోలో తెలియజెప్పారా లేదా అన్నదే వివాదమైంది. ఖమ్మంలో అధికారం లేనివారి చేతి నుండి వచ్చింది.

వలీ ఎవరు? అతని అధికారమెంత?

ఇప్పుడు ఫిఖ్హ్ ఏమంటున్నదో చూద్దాం. హనఫీ పండితులు మైనరు ఆస్తి విషయంలో వలీల క్రమాన్ని స్పష్టంగా నిర్ణయించారు. మొదట తండ్రి, తరువాత తండ్రి నియమించిన వసీ, తరువాత తాత, ఆయన నియమించిన వసీ, ఎవరూ లేనప్పుడు ఖాజీ. బిడ్డను పెంచి పోషించే హక్కు, అనగా హిజానత్, తల్లిది. అది వేరే అధ్యాయం. ఈ విభజనలో మనం గమనించవలసిన సూత్రం ఒకటుంది: బిడ్డ ఎవరి దగ్గర ఉన్నాడన్నంత మాత్రాన వారికి అతని తరఫున నిర్ణయించే అధికారం రాదు. అన్నం పెట్టేవాడు, చదువు చెప్పేవాడు, రాత్రి తలుపు గడియ వేసేవాడు – వీరందరూ అమానత్‌దార్లు. అప్పగించిన వస్తువును భద్రపరచడం అమానత్‌దారు ధర్మం. దానిని మరొకరికి వాడుకకివ్వడం అతని హక్కు కాదు. ఖమ్మం హాస్టళ్ళ వార్డెన్లు చేసినది ఈ హద్దు దాటడమే.

ఇక నిజమైన వలీకైనా అధికారం అపరిమితం కాదు. అనాథ ఆస్తి దరికి అత్యుత్తమమైన పద్ధతిలో తప్ప పోవద్దని దివ్య ఖుర్ఆన్ రెండుచోట్ల (6:152, 17:34) ఆదేశించింది. ఆస్తి విషయంలోనే ఇంత కట్టడి ఉంటే, బిడ్డ శరీరం విషయంలో ఎంత ఉండాలి! వలీ చేసే ప్రతి పనీ బిడ్డ మేలుకు కట్టుబడి ఉండాలన్నది ఫుఖహాల ఏకాభిప్రాయం. అధికారం బిడ్డ కోసం వలీకి ఇవ్వబడింది గానీ, వలీ కోసం బిడ్డ ఇవ్వబడలేదు.

హనఫీ పండితులు తెలివి తెలిసిన పిల్లవాడి వ్యవహారాలను మూడు తరగతులుగా విభజించారు. ఒకటి, పూర్తిగా లాభకరమైనవి; ఉదాహరణకు ఎవరైనా ఇచ్చిన కానుకను స్వీకరించడం. దీనికి వలీ అనుమతి కూడా అక్కరలేదు. రెండు, పూర్తిగా నష్టకరమైనవి. తన సొమ్మును ఊరికే ఇచ్చివేయడం వంటివి. ఇవి వలీ అనుమతించినా చెల్లవు. మూడు, లాభనష్టాలు రెండింటికీ అవకాశమున్నవి, క్రయవిక్రయాలు వంటివి. ఇవి వలీ అనుమతితో చెల్లుతాయి.

ఈ విభజనను నేటి పరిశోధనలకు వర్తింపజేస్తే ఎంతో స్పష్టత వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు రోగం ఎక్కించి పరిశీలించడం, అతనికి ఏ ప్రయోజనమూ లేకుండా ప్రమాదంలోకి నెట్టడం రెండవ తరగతికి చెందుతాయి. అక్కడ వలీ సంతకం పెట్టినా, పెట్టకపోయినా ఒకటే. ఆ సంతకం చెల్లదు. విల్లోబ్రూక్ తల్లిదండ్రులు సంతోషంగా సంతకం పెట్టి ఉన్నా ఫిఖ్హ్ దృష్టిలో అది చెల్లేది కాదు. వ్యాధితో ఉన్న బిడ్డకు, ఉన్న మందుకంటే మెరుగనిపించే కొత్త మందును జాగ్రత్తలతో ఇచ్చి చూడడం మూడవ తరగతికి దగ్గరగా ఉంటుంది. అక్కడే వలీ విచక్షణకు చోటుంది, అక్కడే అతని అనుమతికి అర్థముంది.

జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1992లో వైద్యచికిత్సపై చేసిన 67వ తీర్మానంలో పరిశోధనల ప్రస్తావన కూడా ఉంది. ఖైదీల వంటివారిపై బలవంతం, పేదలకు ధనాశ – ఈ రెండూ అంటని అంగీకారం ఉండాలని అది కోరింది. అర్హత లేనివారిపైనా, అర్హత అసంపూర్ణంగా ఉన్నవారిపైనా వలీలు ఒప్పుకున్నా సరే వైద్య పరిశోధనలు చేయరాదని కఠినంగా చెప్పింది. 2006లో అమ్మాన్ సమావేశంలో మానవులపై జీవవైద్య పరిశోధనల నియమాలను అకాడమీ తిరిగి చర్చకు తీసుకున్నది. 1992 నాటి కాఠిన్యం వెనుక ఉన్న భయం అర్థం చేసుకోదగినదే: వలీ చేతిలో తెల్లకాగితం పెడితే బిడ్డకు రక్షణ ఉండదు. నా అవగాహనలో, బిడ్డకే మేలు చేయగల చికిత్సలో ఇమిడిన పరిశోధన ఒకటి, ఇతరుల మేలుకై అతనిపై చేసే పరీక్ష మరొకటి అని విడదీసి చూస్తే ఆ భయానికీ, పిల్లలకు మందులు కావాలన్న అవసరానికీ మధ్య దారి దొరుకుతుంది.

అనుమతి లేకుండా చేసిన పనికి బాధ్యత ఎవరిదన్నది కూడా పాత ప్రశ్నే. హిజ్రీ 620లో మరణించిన ఇబ్నె ఖుదామా తన అల్ ముగ్నీ గ్రంథంలో, వలీ అనుమతి లేకుండా బిడ్డకు సున్తీ చేసినవాని వల్ల హాని జరిగితే అతడు పరిహారం చెల్లించాలని వ్రాశారు. సున్తీ ధర్మబద్ధమైన పని. అయినా అడగకుండా చేసినందుకు బాధ్యత తప్పలేదు.

పిల్లవాడి మాటకు విలువ

వలీ ఒప్పుకున్నాక పిల్లవాణ్ణి అడగవలసిన అవసరముందా? ఉంది. దీనికి రెండు నిదర్శనాలు చూపుతాను.

హజ్రత్ ఇబ్రాహీం (అ) తన కుమారుణ్ణి జిబహ్ చేస్తున్నట్లు స్వప్నంలో చూశారు. ప్రవక్తల స్వప్నం దైవాజ్ఞతో సమానం. అయినా ఆయన ఆ విషయాన్ని కుమారునికి వివరించి, నీ అభిప్రాయమేమిటో చూడు అని అడిగినట్లు దివ్య ఖుర్ఆన్ (37:102) తెలుపుతున్నది. దైవాజ్ఞ ఉన్నచోట కూడా తండ్రి బిడ్డను అడిగితే, ఒక పరిశోధనా సంస్థ పంపిన కాగితం విషయంలో అడగకుండా ఉండడానికి మనకు సాకేమున్నది?

రెండవది సహల్ బిన్ సాద్ (ర) ఉల్లేఖనం. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. దైవప్రవక్త (స) వద్దకు పానీయం తెచ్చారు. ఆయన కుడివైపున ఒక బాలుడు, ఎడమవైపున పెద్దలు కూర్చున్నారు. కుడివైపు వారికి ముందు ఇవ్వడం పద్ధతి. పెద్దలకు ముందుగా ఇవ్వనా అని ఆయన ఆ బాలుణ్ణి అనుమతి అడిగారు. మీ ప్రసాదంలో నా వంతును మరెవరికీ వదులుకోనని బాలుడన్నాడు. ప్రవక్త (స) పాత్రను ఆ బాలుని చేతిలోనే పెట్టారు. ఆయన అడగడం ఒక్కటే ఇందులో విశేషం కాదు. కాదన్న జవాబును కూడా మన్నించారు. కాదనే వీలు లేకుండా అడగడం అడగడమే కాదు.

ఏ వయసు నుంచి అడగాలి? ఏడేళ్ళ వయసును ఫుఖహాలు సాధారణంగా తమ్‌యీజ్, అనగా మంచిచెడ్డల వివక్ష మొదలయ్యే వయసుగా భావించారు. నమాజు అలవాటు చేయమన్నది ఆ వయసునుంచే. భారత వైద్య పరిశోధనా మండలి 2017లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా ఏడేళ్ళ నుంచే పిల్లల సమ్మతి కోరాయి. 7 నుండి 12 ఏళ్ళవారి నుండి నోటిమాటగా, 12 దాటి 18 లోపువారి నుండి వ్రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. తల్లిదండ్రుల అనుమతి దీనికి అదనం. రెండు మార్గాలు వేర్వేరుగా సాగి ఒకే వయసు దగ్గర కలిశాయి. బిడ్డ మనసు ఎలా వికసిస్తుందో గమనించినవారు ఎక్కడివారైనా దాదాపు ఒకే చోటికి చేరుతారు కాబోలు.

పదిహేను, పదహారేళ్ళ యువకుల సంగతి ఇంకా గట్టిది. చట్టం దృష్టిలో వారు మైనర్లు. షరీఅత్ దృష్టిలో బాలిగ్ అయినవారు తమ నమాజుకు, రోజాకు తామే జవాబుదార్లు. అల్లాహ్ ముందు స్వయంగా జవాబు చెప్పవలసినవారిని, వారి శరీరం గురించి ఒక్కమాటైనా అడగకుండా పరిశోధనలో చేర్చడం ఏవిధంగానూ సమర్థనీయం కాదు.

భాష తెచ్చే చిక్కు

తెలిసి ఒప్పుకోవడం అన్నప్పుడు తెలియడం భాష ద్వారానే జరగాలి. అనువాదకునిగా ఈ అంశంపై నాలుగు మాటలు చెప్పదలిచాను.

అంగీకార పత్రాలు సాధారణంగా ఇంగ్లీషులో పుట్టి, తరువాత తెలుగులోకో, ఉర్దూలోకో వస్తాయి. తెలుగులో అధ్యయనం అనే మాట వాడితే చదివే తల్లికి పుస్తకాలు గుర్తుకొస్తాయి. పరీక్ష అంటే రక్తపరీక్ష అనుకుంటుంది. ప్రయోగం అంటే మాత్రమే ఆమె తలెత్తి చూస్తుంది. అందుకే ఆ మాటను పత్రాల్లో తప్పించడం చూస్తుంటాం. ఉర్దూలోనూ ఇంతే. తహ్‌ఖీఖ్ అంటే విచారణలా వినిపిస్తుంది. తజ్రిబా అంటే సంగతి బోధపడుతుంది. 1954లో అమెరికాలో పోలియో టీకాను పరీక్షించినప్పుడు దాదాపు 18 లక్షలమంది పిల్లలు అందులో పాల్గొన్నారు. తల్లిదండ్రులు సంతకం పెట్టిన పత్రంలో మేము అంగీకరిస్తున్నామని కాక, మా బిడ్డను చేర్చుకోవలసిందిగా అభ్యర్థిస్తున్నామని ఉంది. ఒక్క క్రియాపదం మారేసరికి అడిగేవారు ఎవరో, ఇచ్చేవారు ఎవరో తారుమారైపోయింది.

ఫిఖ్హ్‌లో ఇజ్న్ వేరు, రిజా వేరు. ఇజ్న్ అంటే అనుమతి. రిజా అంటే మనసు ఒప్పుకోవడం. బలవంతం కింద మనిషి ఒకదానిని ఎంచుకోవచ్చు గానీ అక్కడ రిజా ఉండదని హనఫీ పండితులు వివరించారు. వలీ ఇచ్చేది ఇజ్న్; బిడ్డ నుండి కావలసింది రిజా. సంతకం ఇజ్న్‌కు గుర్తు కావచ్చు. రిజా ఉందో లేదో బిడ్డ ముఖంలో చూడాలి. చదువురాని తల్లిదండ్రులకు పత్రం చదివి వినిపించేటప్పుడు పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరు ఉండాలని నేటి నియమాలు కోరుతున్నాయి. ఆ సాక్షి కుటుంబం మాట్లాడే భాష తెలిసినవాడైతేనే సాక్ష్యానికి అర్థముంటుంది.

మన సంస్థల బాధ్యత

మన మద్రసాల్లో, యతీమ్‌ఖానాల్లో వందలాది పిల్లలు చదువుకుంటున్నారు. వారివద్దకు టీకాలవారు, పోషకాహారం లెక్కలు తీసేవారు, ప్రశ్నపత్రాలతో విశ్వవిద్యాలయాలవారు వస్తుంటారు. అందులో ఎక్కువభాగం మంచి ఉద్దేశంతో చేసే పనే. తలుపు మూసివేయడం పరిష్కారం కాదు. ప్రభుత్వం అందరికీ వేసే టీకా పరిశోధన కాదన్న తేడాను కూడా గుర్తుంచుకోవాలి. ఆ తేడా మరచి టీకాలనే అనుమానిస్తే నష్టపోయేది మన పిల్లలే.

వచ్చినది పరిశోధన అయితే మాత్రం ముహ్‌తమిమ్ సాహెబులు, నాజిములు తాము అమానత్‌దార్లమేనని, వలీలు కామని గుర్తుంచుకోవాలి. తండ్రి ఉన్న బిడ్డకు తండ్రికి కబురు చేయాలి. తండ్రి దుబాయిలోనో, సౌదీలోనో ఉంటే నేటి రోజుల్లో ఫోను చేయడం కష్టం కాదు. ఇంటివద్ద ఉన్న తల్లితో కూడా మాట్లాడాలి. బిడ్డకు పాలు మాన్పించడం వంటి చిన్న విషయంలో కూడా తల్లిదండ్రులిద్దరూ పరస్పర సమ్మతితో, సంప్రదింపుతో నిర్ణయించుకోవడాన్ని దివ్య ఖుర్ఆన్ (2:233) పేర్కొన్నది. తల్లిదండ్రులు లేని బిడ్డ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. చట్టరీత్యా అతని సంరక్షకులెవరో తెలుసుకోవాలి. అతడు అనాథ గనుక అడిగేవారు లేరని కాదు; అడిగేవాడు అల్లాహ్ అని.

వచ్చినవారిని అడగవలసిన ప్రశ్నలు కూడా కష్టమైనవేమీ కావు. ఇది చికిత్సా, పరిశోధనా? నైతిక సంఘం అనుమతి పత్రం ఉందా? ఈ బిడ్డకు కలిగే లాభమేమిటి, నష్టమేమిటి? చేరకపోతే ఇప్పుడు అందే చికిత్సలో గానీ, చదువులో గానీ ఏమైనా లోటు వస్తుందా? మధ్యలో మానుకోవచ్చునా? హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరు భరిస్తారు? పిల్లవాడు చెప్పిన సంగతులు, అతని పేరు ఎవరి చేతికి చేరుతాయి? ఈ ప్రశ్నలకు తెలుగులోనో, ఉర్దూలోనో తేటగా జవాబు చెప్పలేనివారికి ఆ బిడ్డపై పరిశోధన చేసే అర్హత లేదు. జవాబులన్నీ సంతృప్తికరంగా ఉన్నాక చివరి ప్రశ్న బిడ్డను అడగాలి. అతడు తలూపితే ముందుకు సాగవచ్చు. తల అడ్డంగా తిప్పితే, అది బిడ్డ ప్రాణానికి అవసరమైన చికిత్స కానంతవరకు, అక్కడితో ఆపాలి.

మనలో ప్రతి ఒక్కరూ కాపరులేనని, తమ మంద గురించి ప్రతి ఒక్కరినీ ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ ప్రశ్నకు జవాబుగా చూపగలిగిన సంతకాన్నే మన పిల్లల పేరిట పెట్టాలి.